సయ్యద్ అబ్దుల్ రహీం: భారత ఫుట్‌బాల్‌కు పాఠం చెప్పిన బడిపంతులు

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టి 1963 జూన్ 11న కన్నుమూశారు. 1950ల ఆరంభం నుంచి 1962 దాకా భారత ఫుట్‌బాల్ జట్టు ఆడిన పెద్ద పోటీల్లో చాలావాటికి ఆయనే కోచ్. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ గెలిచిన బంగారు పతకాలు ఇప్పటికీ రెండే. 1951లో ఢిల్లీలో ఒకటి, 1962లో జకార్తాలో ఒకటి. రెండూ ఆయన హయాంలో వచ్చినవే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దక్కిన నాలుగో స్థానమూ ఆయన జట్టుదే. హైదరాబాద్ పాతతరం ఆటగాళ్లు ఆయన్ను 'రహీం సాబ్' అనే తలచుకునేవారు. ఆయన గురించి రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. బ్రెజిల్ కన్నా ముందే కొత్త వ్యూహాలు కనిపెట్టిన మేధావి అని కొందరంటారు. ఆసియా దేశాలు ఇంకా కళ్లు తెరవని కాలంలో అదృష్టం కలిసొచ్చిన కోచ్ అని మరికొందరంటారు. ఆధారాలను దగ్గరగా చూస్తే ఈ రెండు మాటలూ పూర్తిగా నిలబడవు. రహీం గొప్పతనం వ్యూహ రచనలో కన్నా బోధనలో ఉంది. ఆటలో నేర్పగలిగేది ఏదో, పుట్టుకతో రావలసింది ఏదో ఆయన విడదీసి చూశారు. నేర్పగలిగినదాన్ని విసుగు లేకుండా, ఏడాది పొడవునా, ఒకే చోట నేర్పారు. జాతీయ జట్టు విజయాలు ఆ పనికి ఫలితాలు.

ఆటగాడిగా ఆయన పెద్ద పేరున్నవాడు కాదు. 1927 నుంచి 1931 దాకా ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు. తర్వాత ఆ విశ్వవిద్యాలయం పాత విద్యార్థులూ అప్పటి విద్యార్థులూ కలిసి నడుపుకున్న 'ఎలెవన్ హంటర్స్' క్లబ్‌లో ఆడారు. భారత్ రంగులు ఎన్నడూ వేసుకోలేదు. బతుకుతెరువు బడిలో. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన బళ్లు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, ఆ బళ్లలో ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. ప్రపంచ ఫుట్‌బాల్‌లో ఆటగాడు కోచ్‌గా మారిన కథ అనగానే మారియో జగాలో, ఫ్రాంజ్ బెకెన్‌బావర్, దిదియే దెషాంప్ గుర్తొస్తారు. ముగ్గురూ ఆటగాళ్లుగా ప్రపంచకప్ గెలిచి, తిరిగి కోచ్‌లుగా గెలిచినవాళ్లు. వాళ్ల మాటకు బరువు తెచ్చింది వాళ్ల పతకం. రహీంకు అలాంటి పెట్టుబడి లేదు. డ్రెస్సింగ్ రూంలో ఆయన మాట చెల్లాలంటే ఆ మాట మైదానంలో పనిచేసి చూపాలి, అంతే. తక్కువస్థాయి ఆటగాళ్లే మంచి కోచ్‌లవుతారని సూత్రం కట్టడానికి ఇది చాలదు. పైన చెప్పిన మూడు పేర్లే ఆ సూత్రాన్ని కొట్టేస్తాయి. రహీం విషయంలో మాత్రం ఒకటి నిజం. తనకు సహజంగా రానిదాన్ని కష్టపడి నేర్చుకున్నవాడికి, ఏ మెట్టు దగ్గర కాలు జారుతుందో తెలుస్తుంది. వెనకబెంచీ పిల్లవాడికి లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకోవడం పంతులు పని, ఆ కన్ను ఆయనకు బడిలోనే అబ్బింది.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు, చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. జీవిత చరిత్రల్లో ఈ వాక్యాన్ని చదివి ముందుకు వెళ్లిపోతుంటారు గానీ, ఆగి చూడవలసింది ఇక్కడే. కార్యదర్శి చేతిలో ఉండేది టోర్నమెంట్ల నిబంధనలు. వాటినే ఆయన పాఠ్యపుస్తకంగా మలిచారు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలనే పోటీలు పెట్టారు. డ్రిబ్లింగ్ చేయకూడదనే పోటీలు పెట్టారు. ఎత్తు పరిమితి ఉన్న కుర్రాళ్ల పోటీలూ పెట్టారు. డ్రిబ్లింగ్ లేని ఆటలో ఏం జరుగుతుందో ఊహించుకుంటే దీని సంగతి తెలుస్తుంది. బంతి అందుకున్న కుర్రవాడు దాన్ని కాలికి అంటించుకుని పరిగెత్తలేడు. వెంటనే ఎవరికో ఒకరికి ఇచ్చేయాలి. ఇవ్వాలంటే బంతి రాకముందే తల ఎత్తి ఎవరు ఎక్కడున్నారో చూసుకుని ఉండాలి. మిగతా పదిమంది నిలబడి చూస్తుంటే అతనికి దారి దొరకదు, కాబట్టి వాళ్లు ఖాళీ చోటులోకి కదలాలి. అంటే ఒక్క నిబంధనతో బంతి ఉన్నవాడికి చూపూ, లేనివాళ్లకు కదలికా నేర్పినట్టయింది. 'తల ఎత్తి ఆడండిరా' అని గొంతు పోయేలా అరవనక్కర్లేదు. ఎడమ కాలి పోటీ కూడా ఇలాంటిదే. కుడికాలి వాటం ఉన్న వింగర్ బంతిని కుడికాలి మీదకు మార్చుకునే ఆ అర క్షణంలోనే బ్యాక్ వచ్చి అడ్డుపడతాడు. ఆ అర క్షణాన్ని తీసేయడమే ఆ పోటీ పని. ప్రేక్షకులకు ఈ ఆటలు చూడముచ్చటగా ఉండి ఉండవు. బడిలో ఎక్కాలు వల్లెవేయించడమూ చూడముచ్చటగా ఉండదు.

ఇలా నేర్చిన కుర్రాళ్లకు గొడుగు పట్టింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. 1950 నుంచి రహీం దానికి కోచ్. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు గెలిచింది. స్వాతంత్ర్యం తర్వాత మళ్లీ మొదలైన డ్యూరాండ్ కప్ 1950 ఫైనల్లో మోహన్ బగాన్‌తో 2-2తో సమం చేసి, మళ్లీ ఆడిన ఆటలో 1-0తో నెగ్గింది. కలకత్తా పెద్ద క్లబ్బులకు డబ్బూ, జనమూ, పత్రికలూ ఉండేవి. దేశం నలుమూలల నుంచీ ఆటగాళ్లను తెచ్చుకునే తాహతు ఉండేది. పోలీసు జట్టుకు ఉన్నది వేరే బలం. ఆటగాడికి నెలజీతం ఉన్న ఉద్యోగం, క్రమశిక్షణ అలవాటైన జీవితం, ఏడాది పొడవునా ఒకే కోచ్ కళ్ల ముందు సాధన. నూర్ మహ్మద్, అజీజుద్దీన్, జమాల్ లాంటివాళ్లు ఒకరి పాస్ మరొకరికి కళ్లు మూసుకున్నా తెలిసేంత కాలం కలిసి ఆడారు. 1950ల నడుమ సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ రాష్ట్ర జట్టు వరసగా రెండుసార్లు గెలవడమూ దీని కొనసాగింపే. రహీం జాతీయ జట్టుకు వెళ్లినప్పుడు ఆయన వెంట వెళ్లింది వ్యూహపు కాగితం కాదు, ఒకే బడిలో చదివిన అరడజను మంది.

ఆయన చేతికి వచ్చేనాటికి జాతీయ జట్టు పరిస్థితి ఏమిటి? 1948 లండన్ ఒలింపిక్స్‌లో బలాయ్‌దాస్ చటర్జీ శిక్షణలో చాలామంది ఉత్తికాళ్లతో ఆడి ఫ్రాన్స్ చేతిలో 1-2తో ఓడారు. రెండు పెనాల్టీలు చేజారాయి. ఓడినా ఇంగ్లండ్ ప్రేక్షకుల మెప్పు దక్కింది. ఆ మెప్పు మనకు మేలు చేయలేదనే అనాలి, ఉత్తికాళ్ల ఆట ఒక ఘనతలా మిగిలిపోయింది. 1951లో మొదటి ఆసియా క్రీడల్లో శైలేన్ మన్నా నాయకత్వంలో భారత్ ఇండోనేసియాను 3-0తో, అఫ్ఘానిస్థాన్‌ను 3-0తో ఓడించి, ఫైనల్లో ఇరాన్‌పై సాహూ మేవాలాల్ గోల్‌తో 1-0తో గెలిచింది. ఏడాది తిరిగేసరికి హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10. రహీం రికార్డులో అన్నిటికన్నా పెద్ద మచ్చ ఇదే. ఆయన గొప్పతనాన్ని ఒప్పుకోనివాళ్లు ముందుగా చూపించేదీ ఇదే. దీన్ని దాటవేయకూడదు. ఆ యుగోస్లావియా అదే ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జట్టు. చలికి కాళ్లు బిగుసుకుపోయిన నేల మీద మనవాళ్లలో చాలామందికి బూట్లు లేవు. ఇవి కారణాలు కావచ్చు గానీ పది గోల్స్‌ను పూర్తిగా వివరించవు. అప్పటికి మన ఆటలో వెనక ఇద్దరు బ్యాక్‌లే. యూరప్ జట్టు అయిదుగురితో ఒక్కసారిగా ముందుకొస్తే ఆ ఇద్దరి మధ్య ఖాళీ బండి తోలేంత ఉంటుంది. ఆ పాత అమరికతో జట్టును దింపిన బాధ్యతలో కోచ్‌కూ వాటా ఉంది. తేడా ఎక్కడొచ్చిందంటే, ఆ ఓటమి తర్వాత రెండు మార్పులు వచ్చాయి. ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. రహీం వెనక వరసలో మూడో బ్యాక్‌ను నిలబెట్టారు. బూట్లు వేసుకుని ఆడడం కూడా కొత్తగా నేర్చుకోవలసిందే. ఉత్తికాలికి తెలిసే బంతి స్పర్శ తోలు చాటున తెలియదు. దాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి నెలల సాధన కావాలి. ఏడాది పొడవునా ఒకచోట సాధన చేసే పోలీసు జట్టుకు అది కుదిరింది.

నాలుగేళ్లలో ఎంత దూరం వచ్చారో మెల్‌బోర్న్‌లో తేలింది. ఇక్కడో చిన్న విశేషం. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, నవంబరు 22న ఒలింపిక్స్ మొదలయ్యాయి. అజీజుద్దీన్, నూర్ మహ్మద్, అహ్మద్ హుసేన్, బలరామ్, జుల్ఫికరుద్దీన్ తదితరులు దేశం కోసం ఆడేసరికి వాళ్లు పుట్టిన హైదరాబాద్ రాష్ట్రం మ్యాపు మీద లేదు. మొదటి రౌండ్లో హంగరీ తప్పుకోవడంతో భారత్ ఆడకుండానే ముందుకెళ్లింది. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా ఆటగాడికి అదే మొదటి హ్యాట్రిక్. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా ఎదురైంది. రెండో సగంలో మొదటి గోల్ డిసౌజాదే, భారత్ ఆధిక్యంలోకి వెళ్లింది. తర్వాత నాలుగు గోల్స్ పడి 1-4తో ఓడింది. కాంస్యం కోసం బల్గేరియాతో ఆడి 0-3తో ఓడింది. ఇక్కడ వచ్చే అభ్యంతరం న్యాయమైనదే. పదకొండు జట్లే ఆడిన ఒలింపిక్స్, మనం గెలిచింది ఒక్క మ్యాచ్, దానికే నాలుగో స్థానమా? స్థానాన్ని పట్టుకుని గొప్పలు పోతే ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆటను చూస్తే ఉంది. పది గోల్స్ తిన్న జట్టు అదే ప్రత్యర్థి మీద ముందంజలో నిలబడింది, ఆ యుగోస్లావియా ఈసారీ ఫైనల్‌కే వెళ్లింది. ఆస్ట్రేలియా మీద గెలుపు గాలివాటం అనుకుంటే, అదే డిసెంబరులో సిడ్నీలో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో భారత్ అదే దేశాన్ని 7-1తో ఓడించింది.

వ్యూహం సంగతికొస్తే, 1958లో బ్రెజిల్ ప్రపంచకప్ గెలిచిన 4-2-4 అమరికను రహీం అంతకు ముందే వాడారని తరచూ రాస్తుంటారు. ఆయన తొందరగా అందుకున్నారన్నది నిజం. కనిపెట్టారనడం మాత్రం అతిశయోక్తి. 1953 నవంబరు 25న వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించిన హంగరీ జట్టులో సెంటర్ ఫార్వర్డ్ హిడెగ్‌కుటి ముందు వరసలో ఉండకుండా వెనక్కి దిగి ఆడాడు. అతణ్ని పట్టుకోవాల్సిన ఇంగ్లండ్ సెంటర్ హాఫ్‌కు ముందుకు వెళ్లాలో వెనక ఉండాలో పాలుపోలేదు. ఆ ఆట ప్రపంచమంతటా కోచ్‌లను ఆలోచింపజేసింది. రహీం దాన్ని పట్టుకుని భారత ఆటగాళ్ల ఒడ్డూపొడుగుకు తగ్గట్టు మలిచారు. గాలిలో బంతి కోసం పోటీ పడితే మనవాళ్లు నెగ్గలేరు, నేల మీద చిన్న పాసులతో ఆడితే నెగ్గగలరు. వెనక్కి దిగే ఫార్వర్డ్ ఉంటే ఆ చిన్న పాసులకు మధ్యలో ఎప్పుడూ ఒక మనిషి దొరుకుతాడు. కనిపెట్టినవాడి కీర్తి ఆయనకు ఇవ్వనక్కర్లేదు, ఇవ్వకపోతే ఆయనకు పోయేదీ లేదు. ఎవరో చేసిన ప్రయోగాన్ని చదివి, తన తరగతిలో ఉన్న పిల్లలకు పనికొచ్చేలా మార్చుకోవడం ఇంకో రకం తెలివి. ఆ రోజుల్లో టీవీ లేదు, విమానం ఎక్కడమే అబ్బురం. అప్పటి భారతదేశంలో ఆ తెలివే అరుదు.

సొంత ఊరివాళ్లకు పెద్దపీట వేశారన్న ఆరోపణ ఆయన్ను బతికినంతకాలం వదల్లేదు. భారత ఫుట్‌బాల్ అధికారం ఆ రోజుల్లో కలకత్తాలో ఉండేది, కాబట్టి హైదరాబాదీల సంఖ్య పెరిగినప్పుడల్లా గుసగుసలు తప్పవు. 1956 జట్టులో ఒకే నగరం నుంచి అంతమంది ఉండడం మామూలు విషయమూ కాదు. కానీ వాళ్లను ఎంచుకున్న తీరు చూడాలి. తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టినవాడు. పోలీసు జట్టులోనూ లేడు, పేరున్న క్లబ్బులోనూ లేడు. స్థానిక ఆటల్లో అతణ్ని చూసి రహీం రాష్ట్ర జట్టు ఎంపికకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి రోజూ హైదరాబాద్‌కు రావడానికి స్తోమత లేదంటే, అద్దె సైకిల్‌కు డబ్బు తానే ఇచ్చారని బలరామ్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. 1956 చివరికల్లా ఆ కుర్రాడు ఒలింపియన్. ఇది ఊరి అభిమానమే అనుకున్నా, ఆ ఊళ్లో ఏ మూల ఎవరు ఆడుతున్నారో ఎరిగినవాడి అభిమానం. దూరంగా ఉన్న ఆటగాడి గురించి ఆయనకు అంత తెలియదు, అందువల్ల కొందరికి అన్యాయం జరిగి ఉండవచ్చు కూడా. అయితే 1962 జట్టే ఈ ఆరోపణకు గట్టి సమాధానం. కెప్టెన్ చూనీ గోస్వామి, పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్ కలకత్తాలో ఆడేవాళ్లు. ఫోర్చునాటో ఫ్రాంకో గోవా మూలాలున్నవాడు. హైదరాబాద్ నుంచి యూసుఫ్ ఖాన్ లాంటివాళ్లు ఉన్నారు గానీ జట్టుకు వెన్నెముక వాళ్లొక్కరే కాదు.

1960 రోమ్ ఒలింపిక్స్ గురించి తక్కువగా మాట్లాడుకుంటారు, ఎందుకంటే అక్కడ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. నా లెక్కలో రహీం జట్టు ఆడిన మేలైన ఆటల్లో కొన్ని అక్కడివే. ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన హంగరీతో 1-2తో ఓడింది, గోల్ బలరామ్‌ది. ఫ్రాన్స్‌తో 1-1, గోల్ కెప్టెన్ పి.కె. బెనర్జీది. ఆ ఆటలో ఫ్రాన్స్ ఆఖరి పది నిమిషాల్లో సమం చేసి బయటపడింది. పెరూతో 1-3. మెల్‌బోర్న్‌లో లాగా ఎవరూ తప్పుకోలేదు, దారి ఇవ్వలేదు. మన దేశంలో మ్యాచ్‌లు అప్పట్లో 90 నిమిషాలు ఆడేవాళ్లు కారు, అంతకన్నా తక్కువసేపే. యూరప్ జట్లతో ఆఖరి ఇరవై నిమిషాల్లో కాళ్లు బరువెక్కడానికి ఇదొక కారణం. కోచ్ ఎంత నేర్పినా టోర్నమెంటు నిబంధన అంతకన్నా బలంగా నేర్పుతుందని రహీంకు తెలిసినంతగా సమాఖ్యకు తెలిసినట్టు లేదు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ ఆడడం అదే ఆఖరు.

జకార్తా కథ వేరు. 1962 ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేసియా రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి గురుదత్ సోంధీ బహిరంగంగా తప్పుపట్టారు. దాంతో ఆ ఊళ్లో భారతీయులంటే కోపం రాజుకుంది. జట్టు తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. థాయ్‌లాండ్‌పై 4-1తో గెలిచింది, కానీ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌పై అతను లేకుండానే 2-0తో నెగ్గింది. ఇక సెమీఫైనల్. ఆసియాలో అంతటి బ్యాక్ లేడనిపించుకున్న మనిషి, తల నిండా కట్టు, బంతిని తలతో ఆడే సెంటర్ హాఫ్ స్థానంలో నిలబెట్టడం ప్రమాదం. అలాగని బయట కూర్చోబెడితే జట్టు బలం సగం పోతుంది. రహీం అతణ్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. వినడానికి జూదంలా ఉంటుంది. కానీ జర్నైల్ కాలేజీ రోజుల నుంచీ బలమైన దేహమూ, ఎగిరి బంతిని అందుకునే సామర్థ్యమూ ఉన్నవాడు. బ్యాక్‌గా ఏళ్ల తరబడి ఫార్వర్డ్‌లను కాచినవాడికి, ఫార్వర్డ్ ఏ చోట నిలబడితే బ్యాక్‌కు ఇబ్బందో తెలుస్తుంది. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన ఆ సెమీఫైనల్లో అతను గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియా. లక్ష మంది దాకా జనం, దాదాపు అందరూ భారత్‌కు వ్యతిరేకంగా కేకలు. మన వైపు గొంతు కలిపినవాళ్లలో పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారని మనవాళ్లు తర్వాత చెప్పుకున్నారు. అంతకుముందు గోల్ కాసిన ప్రద్యోత్ బర్మన్ బదులు, జ్వరం నుంచి లేచిన పీటర్ తంగరాజ్ పోస్టుల మధ్యకు వచ్చాడు. త్రిలోక్ సింగ్ కాలి వేలి గాయంతోనే ఆడాడు. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ, ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ గోల్స్ కొట్టారు. చివరి అయిదు నిమిషాలు మిగిలుండగా కొరియా ఒకటి తిరిగి ఇచ్చింది. అక్కడితో సరి, 2-1.

ఆసియా అప్పట్లో బలహీనంగా ఉండేదన్న వాదనకు ఈ ఫైనలే మొదటి జవాబు. ఆ దక్షిణ కొరియా 1956, 1960 ఆసియా కప్‌లు రెండూ గెలిచిన జట్టు. అంతకన్నా ఆలోచించవలసింది జపాన్ సంగతి. 1960లో జపాన్ సమాఖ్య పశ్చిమ జర్మనీ నుంచి డెట్మార్ క్రామర్ అనే కోచ్‌ను రప్పించుకుంది. బంతిని ఆపడం, ఇవ్వడం లాంటి అక్షరమాల దగ్గర నుంచి ఆయన మళ్లీ మొదలుపెట్టించారు. రహీం హైదరాబాద్‌లో చేసిన పని కూడా అదే తరహాది. రెండేళ్ల తర్వాత జకార్తాలో రహీం జట్టు జపాన్‌ను ఓడించిందంటే, 1962 నాటికి మనం వాళ్లకన్నా ముందున్నామనే అర్థం. తర్వాత జపాన్ 1965లో జాతీయ లీగ్ పెట్టుకుంది, క్రామర్ పద్ధతిలో స్వదేశీ కోచ్‌లను తయారుచేసుకుంది, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. క్రామర్ వెళ్లిపోయినా ఆయన బడి మిగిలింది. జకార్తా నుంచి వచ్చిన కొన్ని నెలలకే రహీం మంచం పట్టారు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 53 ఏళ్లకే పోయారు. ఆయనతో పాటే బడి కూడా మూతపడింది.

రహీం నిజంగా అంత గొప్ప బోధకుడైతే, ఆయన పోగానే అంతా ఎందుకు కూలిపోయింది అని అడగవచ్చు. ఇది అన్నిటికన్నా బరువైన ప్రశ్న. నిజానికి వెంటనే కూలలేదు. 1964 ఆసియా కప్‌లో ఇంగ్లండ్‌కు చెందిన హ్యారీ రైట్ శిక్షణలో భారత్ రెండో స్థానంలో నిలిచింది. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఆయనా పి.కె. బెనర్జీ ఇద్దరూ తర్వాత జాతీయ కోచ్‌లయ్యారు. అంటే రహీం చదువు చెప్పిన తరం ఆడినంతకాలం ఆ ఊపు కొనసాగింది. కొత్త తరానికి చదువు చెప్పేవాళ్లు లేక ఆగిపోయింది. ఆయన పద్ధతి అంతా ఆయన మీదే ఆధారపడింది, అందులో ఆయన తప్పు కొంత ఉంది. సంఘం కార్యదర్శి, క్లబ్ కోచ్, జాతీయ కోచ్ అన్నీ తానే అయినవాడు తన కింద పదిమంది కోచ్‌లను నిలబెట్టి ఉంటే బాగుండేది. అయితే జపాన్‌లో ఆ పని సమాఖ్య చేసింది, ఇక్కడ ఎవరూ అడగను కూడా లేదు. ఆయనకు పద్మ పురస్కారం రాలేదు. కోచ్‌ల కోసం ద్రోణాచార్య అవార్డు పెట్టింది 1985లో, ఆయన పోయిన ఇరవై రెండేళ్లకు. రోమ్ జట్టులో ఉండి, తర్వాత ఫిఫా రిఫరీ అయిన ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీంకు మాత్రం 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం దక్కింది. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమాతో రహీం పేరు మళ్లీ జనం నోళ్లలో పడింది. సినిమా కాబట్టి అందులో కల్పితాలున్నాయి, దాన్ని చరిత్రగా తీసుకోకూడదు.

క్లబ్బునూ దేశాన్నీ ఒకేసారి చూసుకునే రహీం పద్ధతికి ఈ మధ్య దగ్గరి పోలిక ఒకటి దొరికింది. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీని ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిపిన స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్, 2024లో భారత కోచ్ అయ్యారు. ఎఫ్‌సీ గోవా బాధ్యత వదలకుండానే ఆ పదవి చేపట్టారు. ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి 2025లో తప్పుకున్నారు. ఒకే మనిషికి రెండు కుర్చీలు వేస్తే పని జరగదనడానికి దీన్ని రుజువుగా చూపిస్తున్నారు. కానీ రెండు సందర్భాలూ ఒకటి కావు. మార్కెజ్ గోవాలో రోజూ సాధన చేయించిన ఆటగాళ్లలో కొందరు విదేశీయులు, జాతీయ జట్టు కోసం ఆయన పిలిచినవాళ్లలో చాలామంది వేరే క్లబ్బులవాళ్లు. వాళ్లు ఆయన చేతికి వచ్చేది ఏడాదిలో కొన్ని రోజులే. 1956లో యుగోస్లావియా ముందు నిలబడిన అజీజుద్దీన్‌కూ నూర్ మహ్మద్‌కూ అప్పటికి రహీం శిక్షణలో ఆరేళ్లు గడిచాయి.